సిగరెట్ పెట్టె మీద ఉన్న నంబరు

సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మ ఉంటుంది కదా, దాంతోపాటే ఒక ఫోన్ నంబరు వేస్తారు. 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి వేస్తున్నారు. కానీ మనలో చాలామంది కొనేది లూజు సిగరెట్. పెట్టె కొట్టులోనే ఉండిపోతుంది, ఇక నంబరు కనపడేదెలా? అందుకే ఇవాళ దాని గురించే చెబుతాను.

అది పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే క్విట్‌లైన్. డబ్బులు పడవు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, సోమవారం సెలవు. 2016లో ఢిల్లీలో మొదలైంది. తర్వాత బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి‌లోనూ పెట్టారు కాబట్టి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరూ తిట్టరండీ. ఎన్నాళ్ళుగా కాలుస్తున్నారు, లేవగానేనా, టీతోనా అని అడుగుతారు. మానే రోజు మీచేతే పెట్టిస్తారు, తర్వాత వాళ్ళే ఫోన్ చేసి కనుక్కుంటారు. మొదటి మూడు నాలుగు రోజుల చిరాకు, నిద్ర పట్టకపోవడం ఒంటరిగా తట్టుకోవడం కష్టం. అక్కడే చాలామంది జారిపోతారు.

సిగరెట్ మీద యావ తగ్గించడానికి మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలేసి, గొంతు మండి, ఎక్కిళ్ళొచ్చి, పనిచేయట్లేదని పారేస్తారు. అలా కాదు. నెమ్మదిగా నమలాలి, నోట్లో ఘాటు తగలగానే ఆపేయాలి. బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. ఒక గమ్ అరగంట రావాలి. టీ కాఫీలు తాగితే పావుగంట ఆగి వేసుకోండి, లేకపోతే నికోటిన్ సరిగా అందదు. గుండె జబ్బున్నవాళ్ళు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.

ఇక వేప్, అంటే ఈ-సిగరెట్. 2019లో చట్టం చేసి అమ్మకం ఆపేశారు కాబట్టి, మన కుర్రాళ్ళు డాక్టర్ దగ్గర కూడా నోరు విప్పరు. తమ్ముడూ, మానడానికి సాయం అడగడం నేరం కాదు. దొంగచాటుగా కొన్న దాంట్లో నికోటిన్ ఎంతుందో నీకూ తెలియదు, అందుకే ఉన్నదున్నట్టు చెప్పు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. పిచ్చి అనుకుంటారేమోనన్న బెరుకు వద్దు. నికోటిన్ అలవాటుకి వైద్యం చేసేది ఆ డాక్టర్లే.

చాలామందికి తట్టని చోటు ఇంకొకటి ఉంది: డెంటల్ కాలేజీ. పొగాకు మాన్పించే కేంద్రం ప్రతి డెంటల్ కాలేజీలోనూ పెట్టాలని 2018లోనే ఆదేశాలొచ్చాయి. ఓపీ చీటీ తీసుకుని, ఆ కేంద్రం ఎక్కడని అడగండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అక్కడి పల్లెల్లో పెద్దావిడలు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ఆ వేడంతా అంగిలికే తగులుతుంది, అక్కడ పుట్టే పుండు క్యాన్సర్‌గా మారొచ్చు. మీ ఇంట్లో అలా తాగే అమ్మమ్మ ఉంటే, నొప్పి లేదన్నా సరే, ఒకసారి తీసుకెళ్ళి అంగిలి చూపించండి.