ఒక ఒరలో రెండు కత్తులు

మిత్రులకు నమస్కారం.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. వైర్‌లెస్ చిప్‌లో ఆ ఒర యాంటెనా. సంకేతాన్ని బయటికి పంపే పవర్ యాంప్లిఫయర్ ఒక కత్తి, వచ్చిన సంకేతాన్ని అందుకునే లో-నాయిస్ యాంప్లిఫయర్ రెండోది. 2022లో మన దేశంలో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ 5జీ బ్యాండ్‌లో పంపడమూ అందుకోవడమూ ఒకే పౌనఃపున్యం మీద వంతులవారీగా సాగుతాయి. ఎవరి వంతు వస్తే వారికి యాంటెనాను అప్పగించేది ట్రాన్స్‌మిట్-రిసీవ్ స్విచ్.

గోడ మీద బల్బు స్విచ్ లాంటిదేగా, అనిపిస్తుంది. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. దీన్ని వేయడం తేలికే, ఆపడమే కష్టం.

చిప్‌లో ఈ స్విచ్ పని చేసేది ట్రాన్సిస్టరే. ఆపేసిన ట్రాన్సిస్టర్ తెగిన తీగలా ఉండదు, చిన్న కెపాసిటర్‌లా ఉంటుంది: పౌనఃపున్యం పెరిగేకొద్దీ అది సంకేతానికి పెట్టే అడ్డు తగ్గుతుంది. దాని కెపాసిటెన్స్ 100 ఫెమ్టోఫారడ్‌లు అనుకుందాం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సంకేతానికి అది సుమారు 660 ఓమ్‌ల అడ్డు. సంకేతం నడవాల్సిన 50 ఓమ్‌ల దారి పక్కన అది గోడతో సమానం. అదే ట్రాన్సిస్టర్ 28 గిగాహెర్ట్జ్ దగ్గర 57 ఓమ్‌లే. తలుపు మూశామని మనం నిశ్చింతగా ఉంటాం, సంకేతం దర్జాగా లోపలికి నడిచిపోతుంది. పోనీ ట్రాన్సిస్టర్ వెడల్పు తగ్గిద్దామా? కెపాసిటెన్స్ ఎంత తగ్గుతుందో, వేసినప్పటి నిరోధం అంత పెరుగుతుంది. ఆ రెండింటి లబ్ధాన్ని నిర్ణయించేది మనం ఎంచుకున్న తయారీ సాంకేతికత. వెడల్పుతో దాన్ని జయించలేం.

స్విచ్‌లో 2 డెసిబెల్‌లు పోతే, పంపేటప్పుడు 37 శాతం శక్తి యాంటెనా చేరకముందే ఖర్చయిపోతుంది. అందుకునేటప్పుడు అదే 2 డెసిబెల్‌లు నేరుగా నాయిస్ ఫిగర్‌లో, అంటే సంకేతాన్ని రొద ఎంత పాడుచేస్తుందో చెప్పే కొలతలో కలుస్తాయి. ఒక్క తప్పుకు రెండు జరిమానాలు.

ఆ కెపాసిటర్‌కు సమాంతరంగా 320 పికోహెన్రీల ఇండక్టర్ (చిన్న తీగచుట్ట) పెడితే 28 గిగాహెర్ట్జ్ దగ్గర అనునాదం వచ్చి, అంటే రెండింటి ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, దారి మూసుకుంటుంది. కానీ ఆ చుట్టుపక్కల పౌనఃపున్యాలకే.

నాకు ముచ్చటగా అనిపించేది మరో ఉపాయం. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవున్న తీగ ఒక కొసను ట్రాన్సిస్టర్‌తో గ్రౌండ్‌కు కలిపేయండి. రెండో కొస నుంచి చూసే సంకేతానికి అక్కడ దారే లేనట్టు ఉంటుంది. అంటే మూయాల్సిన దారిలో ట్రాన్సిస్టర్‌ను ఆపనక్కర లేదు, వేస్తే చాలు! చిప్ మీద 60 గిగాహెర్ట్జ్‌కు ఆ తీగ సుమారు 0.6 మిల్లీమీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్‌కైతే 16 మిల్లీమీటర్లు కావాలి. చాలా చిప్‌లే అంత ఉండవు. మనల్ని ఏడిపించిన అధిక పౌనఃపున్యమే ఇక్కడ కలిసివస్తుంది.

ఇక వోల్టేజి. 50 ఓమ్‌లలో 100 మిల్లీవాట్లంటే శిఖరం 3.2 వోల్టులు. మన ట్రాన్సిస్టర్ తట్టుకునేది 1 వోల్టుకు కాస్త అటూఇటూ. అందుకే గేటును (ట్రాన్సిస్టర్‌ను వేసి ఆపే కొసను), బాడీని (దాని అడుగున ఉండే సిలికాన్‌ను) కిలో ఓమ్‌ల రెసిస్టర్ల ద్వారా కలుపుతాం. అప్పుడవి వరదలో పడవలా సంకేతంతో పాటే లేచి దిగుతాయి. అదీ చాలకపోతే రెండు మూడు ట్రాన్సిస్టర్లను వరసగా పేర్చి భారం పంచుతాం.

ఈ మధ్య కొందరు డిజైనర్లు ఇంకో అడుగు వేశారు. ఆపేసిన పవర్ యాంప్లిఫయరే యాంటెనాకు మూసిన దారిలా కనిపించేలా దాని మ్యాచింగ్ నెట్‌వర్క్‌ను, అంటే యాంప్లిఫయర్‌ను యాంటెనాకు సరిపోల్చే సర్క్యూట్‌ను మలుస్తున్నారు. అలాంటి చిప్ బొమ్మ ముందు పెట్టి స్విచ్ ఎక్కడుందని విద్యార్థులు అడిగితే, వేలు పెట్టి చూపించడానికి నాకు చోటు దొరకదు.