పాత వి-క్రాస్‌ను దూరపు దారులకు సిద్ధం చేయడం: లెక్క బరువు దగ్గరే మొదలవుతుంది

[తెర మీద: ఖాళీ తొట్టితో నిలిపి ఉన్న పికప్, పక్క నుంచి]

నమస్కారం. పాత పికప్ కొన్నవారిలో చాలామంది మొదట వెళ్లేది బండి ఎత్తు పెంచే కిట్లు అమ్మే దుకాణానికి. రెండంగుళాలు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు తొడిగి, ముందు ఇనుప బంపర్, అందులో ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్, కప్పు మీద గుడారం బిగిస్తే బండి ఏ దారికైనా సిద్ధమైనట్టేనన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. దీనివల్ల మంచి బండ్లు పాడవుతున్నాయి, డబ్బు వృథా అవుతోంది, అన్నిటికీ మించి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు చాలని పరిస్థితి వస్తోంది. ఈ ధోరణి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అందుకే ఈ వీడియోలో బరువు గురించి ముందు చెప్పి, ఎత్తు సంగతి తర్వాత చూస్తాను.

ఉదాహరణగా ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ తీసుకుంటున్నాను. 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్న బండి ఇది. తొలి తరం వి-క్రాస్‌లో 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటాయి. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులతో ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక ఇరుసుకు కమాన్ కట్టలు, వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు. రెండు ఇరుసుల మధ్య దూరం 3,095 మిల్లీమీటర్లు. ఈ చివరి అంకెను గుర్తుంచుకోండి, ఇప్పుడే దానితో పని పడుతుంది.

ఎడ్లబండికి గడ్డి ఎత్తేటప్పుడు అనుభవమున్న రైతు ఏం చేస్తాడో గమనించి ఉంటారు. ఇరుసుకు ముందు ఎంత, వెనక ఎంత అన్నది చూసుకుంటూ మోపులు సర్దుతాడు. ముందు మొగ్గు ఎక్కువైతే బరువంతా కాడి మీదుగా ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక మొగ్గు ఎక్కువైతే నొగలు పైకి లేచి, కాడి తేలిపోయి, మెడకు కట్టిన తాడు ఎద్దు గొంతును బిగిస్తుంది. మొత్తం బరువు బండి మోయగలిగినంతే ఉండవచ్చు, కానీ అది ఇరుసుకు ఏ వైపు పడిందన్న దాన్ని బట్టే బండి నడుస్తుంది.

పికప్‌లోనూ జరిగేది ఇదే. వెనక ఇరుసుకు ఒక మీటరు వెనక, అంటే తొట్టి తలుపు దగ్గర, వంద కిలోల సామాను పెట్టారనుకుందాం. వెనక ఇరుసు మీద పెరిగే బరువు వంద కిలోలు కాదు, సుమారు 132 కిలోలు. ఒక మీటరును ఇరుసుల మధ్య దూరమైన 3.095 మీటర్లతో భాగించి, వందతో గుణిస్తే వచ్చే ఆ అదనపు 32 కిలోలు ముందు ఇరుసు నుంచి లేచి వచ్చినవి. కాడి తేలిపోయిందన్న మాట. మన బండిలో కాడి స్థానంలో ఉన్నవి స్టీరింగ్ చక్రాలు, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేయవలసినవి కూడా అవే. అదే విధంగా ముందు ఇరుసుకు 90 సెంటీమీటర్ల ముందు వంద కిలోల బంపర్, వించ్ బిగిస్తే ముందు ఇరుసు మీద దాదాపు 129 కిలోలు పెరిగి, వెనక 29 కిలోలు తగ్గుతాయి. ఈసారి బరువు ఎద్దు మెడ మీద పడింది. ముందు స్ప్రింగులు కుంగుతాయి, బాల్ జాయింట్లు త్వరగా అరుగుతాయి. తర్వాత ఆ కుంగుదల సరిచేయడానికే ఎత్తు పెంచే కిట్ కొంటారు.

[తెర మీద: కాటా మీద ముందు చక్రాలు మాత్రమే నిలిచిన బండి]

ప్రయాణంలో మోసే సామాను లెక్క చూద్దాం. గుడారం సుమారు 60 కిలోలు, తొట్టి మీది కప్పు 70, నింపిన ఫ్రిజ్ 30, రెండో బ్యాటరీ 25, అరవై లీటర్ల నీరు 60, రెండు క్యాన్లలో నలభై లీటర్ల డీజిల్ సుమారు 34, పనిముట్లు, తాళ్లు, జాకీ కలిపి 40. అంతా కలిపితే 319 కిలోలు, ఇంకా మనుషులు ఎక్కలేదు. నలుగురు ఎక్కితే మొత్తం 600 కిలోల దగ్గరికి చేరుతుంది. ఇనుప బంపర్‌ను ఈ లెక్కలో కలపనే లేదు.

కాబట్టి ఒక్క నట్టు కూడా విప్పకముందు చేయవలసిన పని ఒకటుంది. ట్యాంకు నింపి, మనుషులతో, సామానుతో సహా బండిని వేబ్రిడ్జికి తీసుకెళ్లండి. ముందు మొత్తం బండిని తూయించండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలపండి, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే నిలపండి. మూడు చీటీలు తీసుకుని, బండికి తయారీదారు బిగించిన ప్లేటు మీది గరిష్ఠ బరువుతోనూ, ఒక్కొక్క ఇరుసుకు ఇచ్చిన పరిమితితోనూ పోల్చండి. పికప్ వెనక ఇరుసు పరిమితి మొత్తం బరువు కంటే ముందే దాటిపోవడం సాధారణం. రెండు వరుసల సీట్లుండే డబుల్ క్యాబ్ పికప్‌ల ఛాసిస్ క్యాబిన్ వెనక భాగంలో వంగిపోవడం ఆస్ట్రేలియాలో అందరికీ తెలిసిన సమస్య. తొట్టి చివర వేలాడే బరువు, గతుకుల్లో పడే దెబ్బ కలిసినప్పుడు ఆ వంపు వస్తుంది.

తూకం చూశాక సర్దుబాటు సులభమే. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ వంటి బరువైనవన్నీ క్యాబిన్ గోడకు ఆనుకుని, తొట్టి అడుగున ఉండాలి. పరుపులు, బట్టలు వెనక్కి పోవచ్చు. గుడారాన్ని క్యాబిన్ కప్పు మీద కాక, తొట్టి మీద తక్కువ ఎత్తు చట్రం వేసి బిగించడం మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పక్కకు వాలిన దారిలో పైనున్న ప్రతి కిలో బండిని దొర్లించడానికే పని చేస్తుంది.

ఇక్కడ చట్టం మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ముందు భాగంలో బిగించే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. పాదచారికి ప్రమాదం కావడమే కాక, అవి ఎయిర్‌బ్యాగ్ పనికి కూడా అడ్డు రాగలవు. అందువల్ల ఎత్తు, టైరు కొలత, బంపర్ వంటి మార్పుల గురించి ముందుగా మీ ఆర్‌టీఓ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ కనుక్కోండి. బీమా సంస్థకు తెలియజేయని మార్పు క్లెయిమ్ సమయంలో పెద్ద చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ఈ కారణంగానే నేను విప్పి పెట్టగల సామగ్రి వైపే మొగ్గుతాను.

ఇప్పుడు టైర్లు. మీ బండికి వచ్చినది 255/65 ఆర్17 టైరు అనుకుంటే, దాని వ్యాసం సుమారు 763 మిల్లీమీటర్లు. చాలామంది ఆశపడే 265/70 ఆర్17 అయితే 803. తేడా నలభై మిల్లీమీటర్లు కనిపించినా ఇరుసు కింద పెరిగేది అందులో సగం, అంటే రెండు సెంటీమీటర్లే. దానికి బదులుగా స్పీడోమీటర్ 80 చూపినప్పుడు బండి 84లో పోతుంది, ప్రతి గేరులోనూ ఇంజిన్ ఎక్కువ కష్టపడుతుంది, బ్రేకుల పని పెరుగుతుంది. బండికి వచ్చిన కొలతలోనే మంచి ఆల్-టెర్రెయిన్ టైర్లు వేసుకుని, గాలి ఒత్తిడిని దారిని బట్టి మార్చడం నేర్చుకుంటే అంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. రాళ్ల దారిలో 25 పీఎస్‌ఐ దగ్గర, మెత్తని ఇసుకలో 16 నుంచి 18 దగ్గర టైరు పొడవుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. ఆ ఒత్తిడిలో వేగం తగ్గించాలి, ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పకూడదు, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. తారురోడ్డు ఎక్కగానే తిరిగి నింపడానికి కంప్రెసర్ బండిలోనే ఉండాలి. మన నల్లరేగడి మాత్రం వేరు. వాన పడ్డాక అది ఆల్-టెర్రెయిన్ టైరు గాడుల్లో నిండిపోయి, టైరును నున్నగా చేసేస్తుంది. ఆ నేలలో మడ్ టైర్లు కొంత నయం, నేల ఆరేదాకా ఆగడం ఇంకా నయం.

[తెర మీద: కమాన్ కట్ట, సెంటర్ బోల్ట్ దగ్గరి దృశ్యం]

పాత బండిలో సస్పెన్షన్ అంటే మొదట ఉన్నదాన్ని బాగుచేయడం. చదునైన నేల మీద చక్రం నడుమ నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవండి. ఎడమకూ కుడికీ స్పష్టమైన తేడా కనిపిస్తే ఆ వైపు కట్ట కుంగిందేమో చూడాలి. కట్టను వైర్ బ్రష్‌తో రుద్ది సెంటర్ బోల్ట్ రంధ్రం చుట్టూ చూడండి, పట్టీకి పగుళ్లు వచ్చే చోట్లలో అది ముఖ్యమైనది. బుష్‌లు, షాకిల్ పిన్నులు, ముందు బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు, బ్రేకు గొట్టాలు, రేడియేటర్ గొట్టాలు, ఇవన్నీ కొత్తవి పడ్డాకే మిగతా ఖర్చు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కమాన్ పట్టీల పని తరతరాలుగా చేస్తున్నవారు ఉన్నారు, వారిని అడిగితే అదనపు పట్టీ వేయవచ్చునంటారు. వేయవచ్చు, కానీ ఎప్పుడూ మోసే బరువుకు తగినట్టుగానే వేయాలి. ఏడాదికి ఒకసారి మోసే బరువు కోసం గట్టి కట్ట వేస్తే, ఖాళీగా తిరిగే మిగతా రోజుల్లో వెనక చక్రాలు గతుకుల మీద ఎగిరి పట్టు వదులుతాయి. ఎంత గట్టి కట్ట వేసినా ఇరుసు పరిమితి పెరగదు. నొగలకు మందమైన కర్ర వేసినంత మాత్రాన బండి మొగ్గు మారదు కదా.

ఎత్తు విషయానికి వస్తే, అనుమతి ఉన్నచోట కూడా 40 నుంచి 50 మిల్లీమీటర్లు దాటవద్దు. ముందు చక్రాలకు శక్తినందించే సీవీ జాయింట్లు ఆ ఎత్తులో ఏటవాలుగా తిరుగుతాయి. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరాక జాయింటు ఎక్కువ కాలం నిలవదు. స్ప్రింగు మీద పెట్టే స్పేసర్లు ఎత్తు ఇస్తాయే గాని చక్రం కదలికను పెంచవు. ఏది మార్చినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

సమయం దగ్గరపడింది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టెకు, అంటే డిఫరెన్షియల్‌కు, గాలి ఆడే బ్రీదర్ గొట్టాన్ని పైకి పొడిగించండి. వేడెక్కిన ఇరుసు చల్లని వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల గుండా నీటిని లాగుతుంది, ఆయిల్ పాలరంగుకు తిరిగితే నీరు చేరినట్టే. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. ఇంజిన్ గాలిని పై నుంచి పీల్చేలా బిగించే స్నార్కెల్ గొట్టం ఇంజిన్‌లోకి నీరు పోకుండా ఆపుతుంది గాని వైరింగును కాపాడదు. బండిని లాగడానికి ఛాసిస్‌కు బిగించిన, ఆ పనికే తయారైన కొక్కేలనే వాడండి. ట్రెయిలర్ తగిలించే గుండుకు, అంటే టో బాల్‌కు, తాడు తగిలించి గుంజకండి, అది విరిగితే మనిషి ప్రాణం తీసే వేగంతో ఎగురుతుంది. వించ్ కంటే ముందు ఇరుక్కున్న చక్రం కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు రెండు, ఒక పార, లాగినప్పుడు సాగే నాణ్యమైన కైనెటిక్ తాడు కొనండి. ఇవన్నీ కలిపినా వించ్ కంటే తేలికే. అటవీ మార్గాలకు అటవీ శాఖ అనుమతి తీసుకున్నాకే బయలుదేరండి.

కమాన్ కట్టలు విప్పి బిగించిన బండికి మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను టార్క్ రెంచితో మరోసారి బిగించాలి. కొత్త పట్టీలు సర్దుకున్నాక అవి వదులవుతాయి. చక్రాల నట్లను కూడా అదే రోజు చూసుకోండి. వచ్చే వీడియోలో రెండో బ్యాటరీ వైరింగ్, దానికి పెట్టవలసిన ఫ్యూజులు చూద్దాం.