రైలు నంబరు చదివే ఆవిడ

శ్రోతలకు నమస్కారం.

నాకిచ్చింది పది నిమిషాలు. అద్దం అవతల కూర్చున్న తమ్ముడు ముందే చెప్పాడు, "అక్కా, నువ్వు రైళ్ల దగ్గర ఆగిపోయావంటే నేను చెయ్యి ఊపుతా" అని. సరే నాయనా, ఊపు.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి, భోజనాల దగ్గర "అమ్మా, నువ్వు పక్కా నర్డ్‌వి" అంది. తిట్టిందో మెచ్చుకుందో తెలియలా. "అంటే ఏందే?" అన్నా. "ఎవరికీ అక్కర్లేని సంగతొకటి పట్టుకుని, దాని అంతు చూసి, అడగనివాళ్లక్కూడా చెప్పేవాళ్లు" అంది. మా ఆయన చేపల పులుసు కలుపుకుంటూ, తలెత్తకుండా, ఒక్క మాటన్నాడు. "చాదస్తం."

ఆ రాత్రి నిఘంటువు తీశా. తీయకుండా ఉంటానా? చాదస్తం అన్న మాట ఛాందసం నుంచి వచ్చింది. ఛందస్సంటే వేదం. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు. అంత పెద్ద చదువు పేరు జారి జారి, కోడలు తాళం వేసిందో లేదో మూడుసార్లు లాగి చూసే అత్తగారి దాకా వచ్చింది. మా అమ్మాయి పట్నం నుంచి మోసుకొచ్చిన మాట మన ఇంట్లో ఎప్పుడో ఉందన్నమాట, అదీ వేదాల వైపు చుట్టరికంతో. పొద్దున్నే లేపి మరీ చెప్పా. దుప్పటి మొహం మీదికి లాక్కుని "ఇదేనమ్మా నేననేది" అంది.

నేను కావలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా తాత బిట్రగుంట ఇంజన్ షెడ్డులో పనిచేశాడు, బొగ్గు ఇంజన్ల రోజుల్లో. పట్టాల పక్కన పసుపు పలక మీద డబ్ల్యూ, ఎల్ అని రెండక్షరాలుంటాయి చూడండి, ముందు గేటుంది, కూత వెయ్యమని డ్రైవరుకు చెప్పే పలక. నేను అ ఆలు దిద్దకముందే తాత దాన్ని చదవడం నేర్పాడు. నా చదువు అక్కడ మొదలైంది. కొంత అక్కడే ఆగిపోయిందని మా అమ్మ అనేది.

పెళ్లిచూపుల సంగతి చెప్పాలి. అప్పట్లో బయోడేటాలో "హాబీలు" అని ఒక గీత ఉండేది. అందరూ అదే రాసేవాళ్లు: పుస్తకాలు చదువుట, సంగీతం వినుట, కుట్లు, అల్లికలు. మా పిన్ని కూడా అదే రాయించింది. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. తీరా పెళ్లికొడుకు వాళ్లమ్మ "ఏమేం కుడతావమ్మా?" అని అడిగేసరికి అబద్ధం నోటికి రాలా. "కుట్టనండీ, రైళ్లు చూస్తా" అన్నా. "ప్రయాణాలంటే ఇష్టమా?" అందావిడ. "ప్రయాణాలు కాదండీ. ప్లాట్‌ఫారం మీద నిలబడి నంబర్లు చూస్తా." పిన్ని నా చెయ్యి గిల్లిన చోట వారం రోజులు కమిలి ఉంది.

పెళ్లికొడుకు అప్పటిదాకా నోరు తెరవలేదు. అప్పుడడిగాడు, "పినాకిని ఎక్స్‌ప్రెస్ నంబరెంత?" అని. "రెండు వేల ఏడు వందల పదకొండు. మద్రాసు నుంచి తిరిగొచ్చేటప్పుడు పన్నెండు" అన్నా. ఆయన తలూపాడు. అదేం తలూపుడో, సగం పెళ్లి అక్కడే అయిపోయిందనుకున్నా నేను. ఆయనకీ ఆ నంబరు తెలియదని, నేనేం చెప్పినా తలూపేవాడినేనని, పెళ్లయిన పదేళ్లకు బయటపెట్టాడు.

2010 డిసెంబరు 20న నాలుగంకెల నంబర్లన్నీ ఐదంకెలయ్యాయి. పినాకిని 12711 అయింది. నాకు రెండ్రోజులు తోచలేదు. చిన్నప్పటి స్నేహితురాలు ఇంటిపేరు మార్చుకుని ఎదురొచ్చినట్టుంది. కానీ ఐదంకెల్లోనూ కథ ఉంది. మెల్లగా చెబుతా, వినండి. ఒకటి, రెండు, ఏడు, ఒకటి, ఒకటి. మొదటి ఒకటి, దూరం పోయే బండి. రెండో అంకె రెండు, సూపర్‌ఫాస్ట్. మూడో అంకె ఏడు, దక్షిణ మధ్య రైల్వేది. అంటే ఎవరి బండి, ఎట్లాంటి బండి అనేది నంబరే చెబుతుంది. గూడూరు నుంచి సికింద్రాబాదు పోయే సింహపురి 12709. అదే పద్ధతి: ఒకటి, రెండు, ఏడు. తిరుపతి నుంచి బయలుదేరే కృష్ణా ఎక్స్‌ప్రెస్ చూడండి, 17405. ఒకటి, ఏడు. మధ్యలో రెండు లేదు. సూపర్‌ఫాస్ట్ కాదు, కాబట్టి టికెట్లో ఆ అదనపు రుసుమూ ఉండదు. మన కోసం కొత్తగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ అని 2019లో ప్రకటించారు కదా, అప్పట్నుంచి నాకొకటే బెంగ, నంబర్లోని ఈ ఏడంకె ఏమైపోతుందో అని. రాష్ట్రంలో ఈ బెంగ ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి, తోడుంటుంది.

ఇంకొకటి చెప్పి వదిలేస్తా. రైలు పెట్టె పక్కన ఐదో ఆరో అంకెల నంబరుంటుంది. అందులో మొదటి రెండంకెలూ ఆ పెట్టె పుట్టిన సంవత్సరం. 09 ఉంటే 2009లో తయారైంది. మనల్ని వయసడిగితే తేదీలు తిరగేస్తాం. రైలు పెట్టె మాత్రం ఒంటి మీద రాసుకుని ఊరూరా తిరుగుతుంది.

తమ్ముడు చెయ్యి ఊపాడు. ఊపాడు గానీ నవ్వుతున్నాడు.

సరే, రైళ్లు పక్కన పెడదాం. ఒంగోలు వైపు మా పెదమామయ్య ఉన్నాడు. ఆయనకి ఎడ్ల బండలాగుడు పోటీల పిచ్చి. ఎడ్ల వయసును పళ్లను బట్టి లెక్కేస్తారు. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం, సేద్యపు విభాగం, ఆ పైన జూనియర్లు, సీనియర్లు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఏ తిరనాళ్లలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో అంగుళాలతో సహా చెబుతాడు. దూడను చూసి దాని తాత ఎవరో చెబుతాడు. ఒకసారి నేను ఊరుకోలేక, "మామయ్యా, బ్రెజిల్లో మన ఒంగోలు జాతి పశువుల్ని నెలోర్ అంటారంట, మా నెల్లూరు పేరే" అన్నా. ఆయన కండువా దులిపి లేచాడు. "ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరేంది? ఎవురు పెట్టింది?" ఆ పూట అన్నం తినలేదు.

ఇంత పిచ్చి ఉన్న మా మామయ్యను ఊళ్లో ఏమంటారో తెలుసా? "ఎడ్ల మీద మోజున్న మనిషి" అంటారు, గౌరవంగా. నన్నేమంటారు? చాదస్తం. మగవాళ్లకుంటే మోజు, ఆడవాళ్లకుంటే చాదస్తం. నేను పెద్దగా గొడవ చెయ్యను గానీ, ఈ తేడా మాత్రం లెక్కలో రాసి పెట్టుకున్నా.

నిజానికి అందరికీ ఉంది. 2023 జులై 14 మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదుకు చంద్రయాన్ 3 లేచినప్పుడు మా వీధంతా మిద్దెలెక్కింది. చేతిలో చీపురుతో ఒకావిడ, నురగ మొహంతో ఒకాయన. ఆ రెండు నిమిషాలూ ఒక్కరైనా "ఏం లాభం?" అని అడగలేదు. నేను స్టేషనుకు పోతే మాత్రం దారి పొడుగునా అడుగుతారు. "ఏం లాభం?" లాభం లేని పనికి మనవాళ్లు పెట్టిన మంచి పేరుంది కదా, కాలక్షేపం అని. హాబీ అన్న మాట వచ్చాకే దానికి సర్టిఫికెట్టు, క్లాసు, ఫీజు వచ్చాయి. కాలక్షేపానికి ఫీజు లేదు.

అయినా ఒక్కసారి లాభం వచ్చింది. అది చెబుతా.

ఒక రోజు కరివేపాకు కోసం ఎదురింటికి పోయా. ఎదురింటి వదిన అరిసెలకు పాకం పడుతోంది. హైదరాబాదులో కూతురికి సీమంతం. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద టికెట్టుంది. టికెట్టు కనబడితే నేను చదవకుండా ఉండలేను. అది నా జబ్బు. తేదీ పన్నెండు. బండి టైము సున్నా సున్నా ఇరవై. "వదినా, ఇవాళెంత?" అన్నా. "పదకొండు. బండి రేపు రాత్రికి కదా, బోలెడు టైముంది" అంది, తిప్పుతూనే.

"బండి ఇవాళే వదినా. ఇంకో ఆరు గంటల్లో."

"పన్నెండని రాసుంటే ఇవాళంటావేంది? నీ చాదస్తం నువ్వూనూ!"

అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. సున్నా సున్నా ఇరవై అంటే పన్నెండో తేదీ పుట్టిన ఇరవయ్యో నిమిషం. రేపు రాత్రి అన్నాలు తిని తీరిగ్గా స్టేషనుకు పోతే, బండి వెళ్లిపోయి ఒక రోజు అయి ఉంటుంది. ఇదంతా నేను కాగితం మీద గీత గీసి చూపించా. ఆమె నమ్మలా. అన్నయ్య వచ్చి చూసి నమ్మాడు. అప్పుడు చూడాలి ఆ ఇల్లు! అరిసెలు నూనె దాకా రానే లేదు. పాకంలో కలిపిన పిండి కలిపినట్టే డబ్బాలోకెత్తి చలిమిడని పట్టుకెళ్లారు. సీమంతానికి చలిమిడి సరిగ్గానే సరిపోయిందంట. అక్కడ అందరితో వదిన ఏం చెప్పిందంటే, "ఎదురింట్లో ఒక పిచ్చామె ఉందిలే, ఆమె చూసింది" అని.

ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. టికెట్టు మీద టైము సున్నా సున్నాతో మొదలైతే, ఆ తేదీకి ముందు రోజు రాత్రే స్టేషనుకు పోవాలి. మళ్లీ చెబుతా. టైము సున్నా సున్నాతో మొదలైతే, ముందు రోజు రాత్రే. ఇంట్లో పెద్దవాళ్ల టికెట్టు మీరు తీసేటట్టయితే, తేదీ పక్కన పెన్నుతో "పదకొండు రాత్రి" అని తెలుగులో రాసివ్వండి.

తమ్ముడు రెండో చెయ్యి కూడా ఊపుతున్నాడు. ఒక్క నిమిషం. నిన్న సాయంత్రం కావలి దగ్గర గేటు పడి, ఒక బొగ్గు గూడ్సు పోయింది. నేను పెట్టెలు లెక్కపెడుతుంటే మధ్యలో ఒక పాల వ్యాను అడ్డమొచ్చింది. నా లెక్కకు యాభై ఎనిమిది తేలాయి. యాభై తొమ్మిది ఉండాలని నా అనుమానం. వ్యానుకు అవతల వైపు నిలబడ్డవాళ్లు ఎవరైనా ఇది వింటుంటే, దయచేసి చెప్పండి.

ఉంటాను, నమస్కారం.