మా గూడబాతు ముక్కు మీద చుక్కలు ఉంటాయమ్మా

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు నెల్లూరులో అక్క వాళ్ల వరండాలో కూర్చుని మాట్లాడుతున్నాం. మధ్యలో ఉడతల అరుపులు, కూరగాయల బండి కేక వినిపించవచ్చు. అక్క 30 ఏళ్లు బడిలో పిల్లలకు కుట్లు, అల్లికలు నేర్పారు. ఇప్పుడు పక్షులను కుడుతున్నారు. నా ఒళ్లో కోరా గుడ్డ మీద కుట్టిన గూడబాతు, అంటే పెలికాన్, ఉంది. అక్కా, దీని కథతోనే మొదలుపెట్టండి.

అక్క: ఇది రెండోదమ్మా. మొదటిది లోపల బీరువాలో ఉంది. నాలుగేళ్ల కిందట మా ఊళ్లో చిన్న కళా ప్రదర్శన పెట్టారు. బొమ్మలు గీసేవాళ్లు, మట్టిపని చేసేవాళ్లు, మాలాంటి కుట్టుపనివాళ్లు, అంతా కలిసి ఇరవై మంది ఉంటాం. నేను ఫోనులో దొరికిన ఫోటో చూసి గూడబాతును కుట్టి తీసుకెళ్లాను. తెల్లటి ఒళ్లు, ముక్కు కింద పసుపుపచ్చ సంచి. చూసినవాళ్లంతా బాగుందన్నారు. సాయంత్రం దొరవారిసత్రం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, రైతు. చాలాసేపు నిలబడి చూసి, "ఇది మా పక్షి కాదు. మా గూడబాతు ముక్కు మీద చుక్కలు ఉంటాయమ్మా" అన్నారు.

వ్యాఖ్యాత: అందరి ముందూ అలా అన్నారని బాధపడ్డారా?

అక్క: ఆయన మాటకు బాధ లేదు. ఆ గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు మన పాత నెల్లూరు జిల్లాలోనిదే కదా! 1976లోనే పక్షుల సంరక్షణ కేంద్రం అయింది. చెన్నై వెళ్లేటప్పుడల్లా ఆ దారినే పోతాను, ఒక్కసారీ దిగి చూడలేదు. బాధంతా అందుకే. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. చెరువు నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద గూళ్లు కడతాయట. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పారితే పొలానికి బలమట. ఎరువు ఖర్చు తగ్గుతుందని ఎంత సంతోషంగా చెప్పారో! పైగా తన ఇంటి పిల్లల గురించి చెప్పినట్టు చెప్పారు. ఆ జనవరిలోనే వెళ్లాను.

వ్యాఖ్యాత: వెళ్లి చూస్తే?

అక్క: నేను కుట్టింది వేరే జాతి పక్షి. మనదాని ఒళ్లు తెలుపు కాదు, బూడిద రంగు. మెడ వెనక నలిగిన దూది లాంటి ఈకలు. ఇక పై ముక్కు అంచు పొడవునా వరసగా నీలి చుక్కలు, ఎవరో వేలితో సిరా అద్దినట్టు. పిల్ల వచ్చి తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది, అందులోని చేపల కోసం. దుర్భిణి పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టేదాకా అదే చూశాను.

వ్యాఖ్యాత: దాన్ని దారంలోకి ఎలా తెచ్చారు? కుట్టుపని తెలియనివాళ్లకూ అర్థమయ్యేలా చెప్పండి.

అక్క: పెంకుటింటి కప్పు ఎలా వేస్తారు? చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు, ఒక వరస మీదికి ఇంకో వరస వచ్చేలా. పక్షి కూడా అంతే. తోక దగ్గర మొదలుపెట్టి తల వైపు రావాలి. అప్పుడే పై ఈక కింది ఈక మీద వాలినట్టు ఉంటుంది. బజారులో దొరికే దారంలో ఆరు పోగులు ఉంటాయి. రెక్కలకు రెండు పోగులు తీస్తాను, తలకు ఒక్కటే. ఒక కుట్టు పొడవు, పక్కది పొట్టి, అలా వేస్తే రంగు రంగులోకి కరిగిపోతుంది. గొంతుసంచి మాత్రం ఈక కాదు, చర్మం. అక్కడ ఈ పద్ధతి పనికిరాదు. ఒంటి పోగుతో నిలువుగా, మధ్యలో గుడ్డ కనిపించేలా ఎడంగా కుట్టాలి. ఆ సంచి మూడుసార్లు విప్పాను. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి చూడు.

వ్యాఖ్యాత: ముట్టుకోవచ్చా? ప్రదర్శనల్లో ముట్టుకోవద్దని బోర్డు పెడతారు కదా!

అక్క: నా బల్ల మీద పెట్టను. ఒక ముక్కకు అద్దం లేకుండా వదిలేస్తాను, పిల్లలు తడిమి చూడాలని. దారం వేలికి తగిలితేనే ఇది అచ్చు వేసింది కాదని తెలుస్తుంది. కొందరు వెంకటగిరి జాందానీయా అని అడుగుతారు. జాందానీలో బొమ్మ మగ్గం మీద నేతలోనే పడుతుంది, ఇది నేసిన గుడ్డ మీద సూదితో వేసింది అని చెబుతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలని ఉంది.

వ్యాఖ్యాత: ఎక్కువగా ఏ పక్షిని అడుగుతారు?

అక్క: రామచిలుక. 2018లో మన రాష్ట్ర పక్షి అయింది కదా! కుట్టి ఇస్తాను. కానీ నా మనసు పాలపిట్ట మీద ఉంటుంది. వాలి ఉన్నప్పుడు గోధుమ రంగు పిట్ట, ఎవరూ తిరిగి చూడరు. రెక్క విప్పిందా, నీలాల పెట్టె తెరిచినట్టే. ఆ నీలం రంగు పూత కాదమ్మా, ఈక నిర్మాణం మీద వెలుతురు పడి పుట్టేది. దారంలోనూ ఆ గుణం ఉంది. ఒకే నీలం దారాన్ని నిలువుగా కుడితే ఒక మెరుపు, ఏటవాలుగా కుడితే ఇంకొకటి. నా పాలపిట్ట రెక్కలో ఉన్నవి రెండే నీలాలు. ఫ్రేమును అటూ ఇటూ తిప్పితే నాలుగు కనిపిస్తాయి. ఒక పాప దాన్ని తిప్పుతూ పావుగంట నా దగ్గరే ఉండిపోయింది.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఫ్రేములో ఉన్నది ఏమిటి? బూడిద రంగు కొంగలా ఉంది.

అక్క: కొంగ కాదు, ఫ్లెమింగో పిల్ల. సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ సరస్సుకు వచ్చే గుంపుల్లో ఇలాంటివి కనిపిస్తాయి. గులాబీ రంగు పుట్టుకతో రాదు. తినే రొయ్యల జాతి పురుగుల నుంచీ నాచు నుంచీ ఏళ్ల మీద పడుతుంది. అందరూ గులాబీ రంగు పక్షినే కుడతారు, నేను పిల్లనే ఎంచుకున్నాను. రెక్క మీద ఒకే ఒక్క చోట, ఒంటి పోగుతో లేత గులాబీ వేశాను. కాళ్లు ఇంకా కుట్టాలి. మోకాలు వెనక్కి వంగినట్టు కనిపిస్తుందే, అది నిజానికి చీలమండ. అక్కడ కుట్టు తిరిగే తీరు నాకింకా కుదరలేదు. వచ్చే ప్రదర్శనలో దీన్ని పెడతాను. సూళ్లూరుపేట వైపువాళ్లు ఎవరైనా వస్తే, ఆ కాళ్లు చూసి చెప్పమని అడుగుతాను.