కరెంట్ పోతే ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? రీఫ్ ట్యాంక్ పైపుల ప్లానింగ్

నమస్తే అండీ. ఈరోజు మనం ఒక్క పైపు ముక్క కూడా కోయం. తెల్ల కాగితం, పెన్సిలు, కొలత టేపు ఉంటే చాలు. రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నీళ్లు తిరగడానికి పైపులు ఎలా వేయాలో ముందు కాగితం మీదే తేల్చుకుందాం.

నా మొదటి ట్యాంక్‌కి నేను ముందు పైపులు అతికించేసి, తర్వాత ఆలోచించాను. ఒక రాత్రి కరెంట్ పోయింది. తెల్లారి హాల్లో అడుగు పెడితే కాలి కింద ఉప్పునీళ్లు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తడిసిపోయింది, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ చెమ్మగిల్లింది. పంప్ బాగానే ఉంది, పైపులు ఎక్కడా కారలేదు. పైనుంచి ఎన్ని నీళ్లు దిగుతాయో నేను లెక్క వేసుకోలేదు, అంతే. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ వీడియో.

మొదట ఒక మాట. ఇక్కడ సంప్ అంటే ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ల సంప్ కాదు. ట్యాంక్ కింద స్టాండ్‌లో పెట్టే రెండో గాజు తొట్టి. పై ట్యాంక్ నీళ్లు ఓవర్‌ఫ్లో, అంటే అంచు దగ్గర నీళ్లు పొర్లిపడే పెట్టె, మీదుగా కిందికి దిగుతాయి, స్కిమ్మర్ (మురికిని నురగగా తీసేసే పరికరం), హీటర్ ఉన్న అరలు దాటి చివరి అరలోకి వస్తాయి, అక్కడి పంప్ మళ్లీ పైకి పంపుతుంది.

ఇప్పుడు లెక్క. మన ట్యాంక్ లోపలి కొలత 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు అనుకుందాం. అందులో ఒక్క సెంటీమీటర్ ఎత్తు నీళ్లంటే 5.4 లీటర్లు. సంప్ 90 పొడవు, 40 వెడల్పు. అక్కడ ఒక్క సెంటీమీటర్‌కి 3.6 లీటర్లు. ఈ రెండు అంకెలూ కాగితం పైన పెద్దగా రాసుకోండి.

కరెంట్ పోయింది, పంప్ ఆగింది. నీళ్లు పైకెక్కిన పైపే ఇప్పుడు సైఫన్‌గా మారి వెనక్కి లాగుతుంది. దాని మూతి నీళ్ల పైకి తేలి గాలి పీల్చేదాకా ఆగదు. నా ట్యాంక్‌లో మూతి నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున ఉండేది. మన లెక్కలో అలా పెడితే 54 లీటర్లు దిగుతాయి, సంప్ 15 సెంటీమీటర్లు పెరగాలి. అంత ఖాళీ ఎక్కడుంటుంది? అదే మూతిని పైకి జరిపితే నీళ్లు 3 సెంటీమీటర్లే దిగుతాయి, అంటే 16 లీటర్లు. పైపుల్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్నవి కూడా కలిపి 20 వేసుకోండి. సంప్ ఐదున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. అది తట్టుకుంటుంది.

ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లని వెనక్కి రానివ్వని వాల్వ్, పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఉప్పునీళ్లలో దాన్ని నమ్మకండి. చిన్న నత్త ఇరుక్కున్నా, సున్నంలాంటి పొర కట్టినా అది పూర్తిగా మూసుకోదు. సైఫన్ గాలి పీల్చి ఆగేలా మూతి దగ్గర చిన్న చిల్లు పెట్టినా అంతే, నాచు పట్టి పూడిపోతుంది. మూతి ఎత్తే అసలు రక్షణ.

రెండో ప్రమాదం దీనికి ఉల్టా. దిగే పైపు మూసుకుపోయి, పంప్ మాత్రం తిరుగుతూనే ఉంటే? చివరి అరలో ఉన్న నీళ్లన్నీ పైకి వెళ్లిపోతాయి. ఆ అర 25 × 40 ఉండి, 20 సెంటీమీటర్ల నీళ్లుంటే 20 లీటర్లు. పై ట్యాంక్ దాదాపు 4 సెంటీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి నీటి మట్టానికీ గాజు అంచుకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు వదలండి.

దిగే పైపులు ఎప్పుడూ రెండు పెట్టండి. ఒకటి నిండా నీళ్లతో పారే సైఫన్, దానికి ప్రవాహాన్ని సర్దే గేట్ వాల్వ్. రెండోది ఎమర్జెన్సీ పైపు, దాని మూతి కొంచెం ఎత్తులో ఉంటుంది, దానికి ఏ వాల్వూ పెట్టకూడదు. సైఫన్ కింది కొస సంప్ నీళ్లలో రెండు సెంటీమీటర్లు మునిగితే చాలు. ఎక్కువ ముంచితే లోపలి గాలి బయటికి రాక సైఫన్ మొదలవ్వదు. ఎమర్జెన్సీ పైపు కొసను మాత్రం నీళ్లకి పైనే ఉంచండి. అందులోంచి నీళ్లు పడ్డాయంటే ఆ చప్పుడుకి మీకు పక్క గదిలో ఉన్నా తెలుస్తుంది.

బాల్ వాల్వ్ పావు చుట్టులో మొత్తం మూసుకుపోతుంది, సన్నగా సర్దడం కష్టం. అందుకే గేట్ వాల్వ్. కానీ హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వ్ అడిగితే ఎక్కువగా ఇత్తడిదే చేతిలో పెడతారు. తీసుకోవద్దు. ఇత్తడిలో రాగి ఉంటుంది. రాగి కొంచెం కరిగినా పగడాలు, రొయ్యలు, నత్తలు బతకవు. కుళాయిల కోసం అమ్మే, లోపల ఇత్తడి మరలున్న ఎల్బోలూ వద్దు. మొత్తం ప్లాస్టిక్‌దే, దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ట్యాంక్ నిప్పల్ (గాజు చిల్లులో బిగించి పైపు కలిపే ముక్క) ముందు కొని, దాన్ని కొలిచి, ఆ తర్వాతే గాజుకి చిల్లు పెట్టించండి. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరచిన గాజు) అయితే మాత్రం చిల్లు పెట్టడానికి వీల్లేదు, మొత్తం పగిలిపోతుంది.

ఇక పంప్. ఈ ట్యాంక్ సుమారు 240 లీటర్లు. సంప్ ద్వారా గంటకి ఐదు రెట్లు, అంటే 1200 లీటర్లు తిరిగితే చాలు. పగడాలకి కావలసిన గట్టి ప్రవాహం ట్యాంక్ లోపల పెట్టే వేవ్‌మేకర్ల (నీళ్లని కదిలించే చిన్న ఫ్యాన్ లాంటి పంపుల) పని, అది 20 నుంచి 40 రెట్లు ఉండాలి. డబ్బా మీద రాసిన అంకె చూసి పంప్ కొనకండి. అది ఎత్తు సున్నా ఉన్నప్పటి లెక్క. పంప్‌తో ఇచ్చే గ్రాఫ్‌లో, మీ ట్యాంక్‌కి నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూడండి. అంగుళం పైపులో ఒక్కో ఎల్బో దాదాపు రెండున్నర అడుగుల పైపంత అడ్డు. మలుపులు తగ్గించండి. పంప్ పక్కన ఒక యూనియన్ (మర తిప్పి విప్పే జాయింట్) పెట్టండి, కడగడానికి విప్పుకోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద పంప్ కాదు, ఒక వేవ్‌మేకర్ పెట్టండి. చేపలకి ఆక్సిజన్ అందుతుంది.

అతికించాక సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు ఆగి, మామూలు నీళ్లు నింపండి. పంప్ తిప్పి, సైఫన్ గుడగుడలు ఆగేదాకా గేట్ వాల్వ్‌ని కొద్దికొద్దిగా సర్దండి. ఇప్పుడు మెయిన్ స్విచ్ ఆపేయండి. టేపు పట్టుకుని సంప్ ముందు కూర్చోండి. నీళ్లు పెరగడం ఆగాక అంచుకి ఎంత దూరం ఉందో కొలవండి. మళ్లీ పంప్ వేసి, సంప్ చివరి అరలో నీళ్లు నిలకడగా ఉన్నచోట గాజు మీద మార్కర్‌తో గీత గీయండి. ఎప్పుడు నీళ్లు పోసినా ఆ గీత దాటకూడదు. ఇలా మూడుసార్లు స్విచ్ ఆపి, వేసి చూశాకే ఉప్పు సంచి విప్పండి.