ప్లూరా జబ్బులు: మొదటి 50 మిల్లీలీటర్ల విలువ

మిత్రులందరికీ నమస్కారం.

ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పొర, ఛాతీ గోడకు లోపలివైపు ఇంకో పొర. ఈ పొరలనే ప్లూరా అంటాం. ఈ రెండింటి మధ్య మామూలుగా ఉండే ద్రవం ఒక్కో వైపు సుమారు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు. అక్కడ లీటర్ల కొద్దీ నీరు చేరినప్పుడు మన ధ్యాసంతా ఎంత తోడేశామన్నదాని మీదే ఉంటుంది. ఆయాసం తగ్గడానికి తోడే నీరు వేరు, జబ్బేమిటో చెప్పే నీరు వేరు. ఆ చెప్పే నీరు మొదటి 50 మిల్లీలీటర్లే. దాన్ని పాడుచేస్తే రోగి మళ్లీ సూది పొడిపించుకోవాలి. అందుకే ఈ రోజు ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ప్రతి నీటికీ సూది అక్కర్లేదు. గుండె బలహీనపడి రెండు వైపులా చేరిందని స్పష్టంగా ఉంటే ముందు గుండెకు వైద్యం చేయాలి. ఒకవైపే ఉన్నా, జ్వరమో ఛాతీ నొప్పో తోడైనా, మందులకు లొంగకపోయినా తీసి చూడాల్సిందే.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో నీరు తెలియాలంటే దాదాపు 200 మిల్లీలీటర్లు చేరాలి. అల్ట్రాసౌండ్ అంతకన్నా చాలా తక్కువ నీటిని పట్టిస్తుంది. డయాఫ్రం ఎంత ఎత్తున ఉందో, నీటిలో తెరలు కట్టాయో లేదో కూడా చూపిస్తుంది. స్కాన్ గదిలో చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టించుకుని, వార్డుకు తెచ్చి గంట తర్వాత పొడిచే పద్ధతి మానేయాలి. మనిషి కూర్చునే తీరు మారితే నీరు జరుగుతుంది, ఆ గుర్తు కిందికి కాలేయమో ప్లీహమో వచ్చి ఉండొచ్చు. స్కాన్ చూసిన చోటే, చూసిన భంగిమలోనే, వెంటనే పొడవాలి.

పక్కటెముక కింది అంచున రక్తనాళాలు, నరం ఉంటాయి కాబట్టి సూది ఎముక పై అంచును రాసుకుంటూ వెళ్లాలని మనకు తెలుసు. వెన్నెముకకు దగ్గరగా ఆ ధమని అంచు చాటున ఉండదు, రెండు ఎముకల మధ్య ఖాళీలో వంకరగా పోతుంది. వయసు పైబడినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. అందుకే వీపు మధ్య నుంచి పక్కకు జరగాలి. మత్తుమందు లిగ్నోకెయిన్ రోగి బరువులో కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. అందులో ఎక్కువ భాగం ఎముక పొర మీద, ప్లూరా దగ్గర వేయాలి, నొప్పి పుట్టేది అక్కడే. మత్తు సూదిలోకి నీరు రాలేదంటే పెద్ద సూది ముట్టకుండా మళ్లీ స్కాన్ చూడండి.

ఇక ఆ 50 మిల్లీలీటర్లు. నీటి ఆమ్లత్వం చెప్పే పీహెచ్ కోసం, గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న బ్లడ్ గ్యాస్ సిరంజిలో తీసి, వెంటనే యంత్రంలో పెట్టించాలి. సిరంజిలో గాలి బుడగ మిగిలితే పీహెచ్ పెరిగినట్టు కనిపిస్తుంది, ఛాతీలోంచి చీము తీసే ట్యూబ్ వేయాల్సిన రోగిని వదిలేస్తాం. మత్తుమందు వాడిన సిరంజితోనే నీరు తీస్తే పీహెచ్ తగ్గుతుంది, అక్కర్లేని రోగికి ట్యూబ్ వేస్తాం. చూడగానే చీము అని తెలిస్తే ఆ పరీక్షే వద్దు, యంత్రం పాడవుతుంది, పైగా చీము కనిపించిందంటేనే ట్యూబ్ వేయాలని తెలిసిపోయింది. ఇన్ఫెక్షన్ అనుమానముంటే మామూలు సీసాతో పాటు బ్లడ్ కల్చర్ బాటిళ్లలోనూ పోయండి, క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది.

ప్రోటీన్, ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పరీక్షలకు నీరు పంపేటప్పుడు అదే రోజు రక్తం కూడా పంపాలి. 1972లో రిచర్డ్ లైట్ అనే వైద్యుడు చెప్పిన కొలతలు నేటికీ ఆధారం. నీటి ప్రోటీన్ రక్తంలోని దానిలో 0.5 వంతు దాటినా, ఎల్‌డీహెచ్ 0.6 వంతు దాటినా, లేదా నీటి ఎల్‌డీహెచ్ రక్తపు ఎల్‌డీహెచ్ సాధారణ గరిష్ఠ పరిమితిలో మూడింట రెండు వంతులు దాటినా అది ఎక్సుడేట్, అంటే ప్లూరా జబ్బు వల్ల ఊరిన నీరు. మూత్రం ఎక్కువగా పోయించే మందులు వాడుతున్న గుండె రోగుల్లో ఈ లెక్క తప్పుతుంటుంది. అలాంటప్పుడు రక్తపు ఆల్బుమిన్‌లోంచి నీటి ఆల్బుమిన్ తీసేయండి. తేడా డెసిలీటరుకు 1.2 గ్రాములు దాటితే తప్పు గుండెదే.

నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ లీటరుకు 40 యూనిట్లు దాటి, కణాల్లో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలే ఎక్కువగా ఉంటే క్షయను గట్టిగా అనుమానించాలి. చీములో కూడా ఏడీఏ పెరుగుతుంది కాబట్టి కణాల లెక్క చూడకుండా క్షయ మందులు మొదలుపెట్టకూడదు. క్యాన్సర్ విషయానికొస్తే, నీటిలో ఆ కణాలు దొరికేది సుమారు 60 శాతం మందిలోనే. రెండుసార్లు పంపినా దొరకకపోతే మూడోసారి పంపడం వల్ల ఒరిగేది తక్కువ, రోగికి కాలం మాత్రం పోతుంది. అప్పుడు థొరాకోస్కోపీ, అంటే ఛాతీలోకి గొట్టం దూర్చి చూసే పరీక్ష, చేయాలి. 1910లో స్వీడన్ వైద్యుడు జాకోబేయస్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు కొద్దిపాటి మత్తుతో, రోగి తనంతట తాను ఊపిరి తీస్తుండగానే చేస్తున్నాం. ప్లూరాను కళ్లారా చూసి ముక్క తీస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జవాబు దొరుకుతుంది.

చీము గానీ, ఇన్ఫెక్షన్‌తో పీహెచ్ 7.2 కన్నా తక్కువ గానీ ఉంటే ట్యూబ్ వేయడం ఆలస్యం చేయకూడదు. పీహెచ్ చూసే వీలు లేకపోతే నీటిలో గ్లూకోజ్ డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు ఉందేమో చూడండి. 12 నుంచి 14 ఫ్రెంచ్ (ట్యూబ్ లావు కొలత) ట్యూబ్ సాధారణంగా సరిపోతుంది, సన్నటిది పూడుకోకుండా సెలైన్‌తో కడుగుతుండాలి. ట్యూబ్‌కు కలిపిన బాటిల్లో దాని కొస నీటి కింద 2 సెంటీమీటర్లు, బాటిల్ ఎప్పుడూ ఛాతీ కన్నా కింద. ఊపిరితో పాటు నీటి మట్టం ఊగుతోందంటే ట్యూబ్ పనిచేస్తోంది. బుడగలు వస్తున్న ట్యూబ్‌కు క్లాంప్ వేయకండి, లోపల గాలి బిగుసుకుని ప్రాణం మీదికొస్తుంది.

తెరలు కట్టి చీము రాకపోతే టీపీఏ అనే మందు 10 మిల్లీగ్రాములు, డీఎన్ఏస్ అనే మందు 5 మిల్లీగ్రాములు ట్యూబ్ ద్వారా రోజుకు రెండుసార్లు, 3 రోజులు, వేసిన ప్రతిసారీ గంటసేపు ట్యూబ్ మూసి ఉంచాలి. ఒకటి తెరలను కోస్తుంది, ఇంకొకటి చచ్చిన కణాల డీఎన్ఏను తునకలు చేసి చీమును పలచబరుస్తుంది. 2011లో వచ్చిన ట్రయల్‌లో ఏ ఒక్కటీ విడిగా ఫలితమివ్వలేదు, కలిపితేనే ఇచ్చింది. రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో రక్తస్రావం భయం ఉంది, ముందే అడిగి తెలుసుకోండి.

క్యాన్సర్ నీరు తోడేటప్పుడు ఒక విడత 1.5 లీటర్ల దగ్గర ఆపండి. ఛాతీ బిగుసుకున్నా, దగ్గు ఆగకపోయినా అంతకన్నా ముందే ఆపాలి. నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోకే నీరు దిగుతుంది. తోడాక ఆయాసం తగ్గిందా, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందా అని చూడాలి, తర్వాతి దారి దాని మీదే ఆధారపడి ఉంటుంది. విచ్చుకుంటే 4 గ్రాముల టాల్క్ పొడితో రెండు పొరలనూ అతికించవచ్చు. విచ్చుకోకపోతే అతుక్కోవడానికి పొరలు కలవవు కాబట్టి టాల్క్ వృథా. వాళ్లకు చర్మం కింద నుంచి దూర్చి, ఇంట్లోనే నీరు తోడుకునేలా చాలాకాలం ఉంచే కెథటర్ (మెత్తటి గొట్టం) మేలు. విచ్చుకున్నవాళ్లలో కూడా ఆసుపత్రిలో పడుకోవడం ఇష్టంలేనివాళ్లు దీన్ని కోరుకోవచ్చు. ఇంటివాళ్లకు చేతులు కడుక్కోవడం, సీసా బిగించడం, నొప్పి వస్తే ఆపడం చేయించి చూపాలి. వరుసగా మూడుసార్లు 50 మిల్లీలీటర్ల లోపే వస్తే స్కాన్ చేసి, లోపల నీరు లేదని, కెథటర్ పూడుకుపోలేదని నిర్ధారించుకున్నాకే తీసేయండి.