సార్దీస్ కోటలో కాపలా లేని గోడ: రాకడ కోసం మెలకువగా ఉండటం అంటే ఏంటి?

అందరికీ వందనాలు.

ఈ మధ్య ఒక సిస్టర్ ఫోన్ చేసి అడిగారు. "బ్రదర్, యేసు ప్రభువు మళ్లీ వచ్చేస్తున్నాడట, వచ్చే నెలలోనే రాకడ అంటున్నారు. నిజమేనా? రెండు రోజులుగా నాకు నిద్ర పట్టడం లేదు." ఎవరో ఆవిడకి ఒక వీడియో పంపారట. మంటల్లో భూగోళం, పైన ఎర్రటి అక్షరాలు, పక్కన ఒక తేదీ. కింద వాక్యం: "మెలకువగా ఉండుడి."

నాకు చాలా బాధేసింది. ఆవిడ భయం చూసి ఒక బాధ, ఆ వాక్యాన్ని అక్కడ పెట్టినందుకు ఇంకో బాధ. ఆ వచనం పూర్తిగా చదవండి, మత్తయి 24:42. "కావున ఏ దినమున మీ ప్రభువు వచ్చునో మీకు తెలియదు గనుక మెలకువగా నుండుడి." తెలియదు గనుక! మెలకువగా ఉండమనడానికి యేసు ప్రభువు చెప్పిన కారణమే అది. తేదీ తెలిసినవాడికి మెలకువతో పనేముంది? అలారం పెట్టుకుని పడుకుంటాడు. దానికి ఆరు వచనాల ముందు ఆయనే అన్నాడు, ఆ దినం, ఆ గడియ తండ్రికి మాత్రమే తెలుసు, దూతలకు తెలియదు, కుమారుడికి కూడా తెలియదు అని. ఆ మాట పక్కన క్యాలెండర్ పెట్టడానికి చేతులు ఎలా వస్తాయో నాకు అర్థం కాదు.

సరే. మరి మెలకువ అంటే ఏంటి? దీనికి నేను ఎప్పుడూ ఒక కోట కథ చెబుతాను. ప్రకటన 3వ అధ్యాయం చదివే ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

[స్క్రీన్ మీద: నిట్టనిలువు కొండ, పైన కోట గోడ]

సార్దీస్. ప్రకటన గ్రంథంలో ప్రభువు మాటలు రాయించి పంపిన ఏడు సంఘాల్లో ఒకటి ఉన్న ఊరు. నేటి టర్కీ పశ్చిమ భాగంలో దాని శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు అది లూదియ రాజ్యానికి రాజధాని. రాజు పేరు క్రోయెసస్. సంపదకి మారుపేరు. కింద నగరం, పక్కనే నిటారుగా లేచిన కొండ, కొండ మీద కోట.

క్రీ.పూ. 546 ప్రాంతంలో పారసీక రాజు కోరెషు (సైరస్) వచ్చి ముట్టడించాడు. అవును, యూదుల్ని చెరలోంచి తిరిగి పంపిన ఆ కోరెషే. పద్నాలుగో రోజున ఆయన సైన్యంలో చాటింపు వేయించాడు: కోట గోడ ముందుగా ఎక్కినవాడికి బహుమతి. ప్రయత్నించారు, కుదరలేదు. అందరూ వెనక్కి తగ్గారు.

ఒక్కడు తప్ప. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అతని పేరు హైరోయాడెస్ అని చెబుతాడు. అంతకు ముందు రోజు ఇతను ఒక చిన్న సంగతి చూశాడు. కోటలోని ఒక సైనికుడి తల మీది శిరస్త్రాణం జారి కొండ మీద నుంచి దొర్లుకుంటూ కిందపడింది. ఆ సైనికుడు మెల్లగా దిగాడు. దాన్ని తీసుకున్నాడు. మళ్లీ పైకి ఎక్కి వెళ్లిపోయాడు. అంతే.

కానీ చూస్తున్నవాడికి దారి దొరికింది! మర్నాడు అతను అదే రాళ్లు పట్టుకుని ఎక్కాడు, వెనక ఇంకొందరు ఎక్కారు. పైన కాపలా లేదు. కోట అంతా కాపలా ఉంది, ఆ ఒక్క వైపే లేదు. ఎందుకంటే అటు నిట్టనిలువు. అటు నుంచి ఎవడొస్తాడులే అనుకున్నారు. సార్దీస్ పడిపోయింది.

ఇక్కడితో అయిపోతే ఒక కథ. సుమారు 330 ఏళ్ల తర్వాత మూడవ అంతియొకు రాజు అదే ఊరిని ముట్టడించాడు. ఈసారి గమనించినవాడు లాగొరాస్ అనే క్రేతీయుడు. గోడకి ఒక చోట కింద లోయ ఉంది. చచ్చిన గుర్రాల్ని, కంచర గాడిదల్ని ఆ లోయలో పారేస్తున్నారు. రాబందులు వాటిని తిని, తీరిగ్గా వచ్చి గోడ మీద వాలుతున్నాయి. రోజూ అంతే. అతనికి విషయం తట్టింది: రాబందులు అంత నిశ్చింతగా కూర్చున్నాయంటే అక్కడ మనిషి అలికిడి లేదు. రాత్రి నిచ్చెనలు వేశారు. సార్దీస్ మళ్లీ పడింది.

రెండుసార్లు. ఒకే కారణం.

ఇప్పుడు ప్రకటన 3 తెరవండి. పరలోకం నుంచి ప్రభువు ఆ ఊరి సంఘానికి పంపిన మాట: జాగరూకుడవై ఉండు. "నీవు జాగరూకుడవై యుండనియెడల నేను దొంగవలె వచ్చెదను." ఈ మాట విన్న సార్దీస్ విశ్వాసికి తన ఊరి చరిత్ర గుర్తొచ్చి ఉంటుందని నేను అనుకుంటాను. కనీసం, నాకు ఆ వచనం ఆ గోడ లేకుండా చదవడం రాదు. ఇంకొకటి చూడండి. స్ముర్నకు రాసిన మాటల్లో శ్రమ ఉంది, పెర్గములో హతసాక్షి ఉన్నాడు, తుయతైరలో దుర్బోధ ఉంది. సార్దీస్‌కి రాసిన మాటల్లో హింస లేదు, దుర్బోధకుల పేర్లు లేవు. బయట నుంచి ఏ గొడవా కనిపించదు. "జీవించుచున్నావన్న పేరు" ఉంది. పేరు బాగుంది. నిట్టనిలువు కొండలాంటి పేరు.

మెలకువ అంటే నాకు అర్థమైంది ఇదే. ఇటు నుంచి నాకేం కాదులే అని నువ్వు కాపలా తీసేసిన వైపు నిలబడటం.

ఇప్పుడు తేదీల లెక్క వేసేవాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లలో చాలామంది నిజాయితీపరులే, అది కూడా చెప్పాలి. విలియం మిల్లర్ అమెరికాలో ఒక రైతు, బాప్టిస్టు బోధకుడు. దానియేలు 8:14లోని 2300 దినాల్ని ఏళ్లుగా లెక్కపెట్టి, 1843 ప్రాంతంలో ప్రభువు వస్తాడన్నాడు. ఆ గడువు దాటాక ఆ ఉద్యమంలో నిలిచిన తేదీ 1844 అక్టోబర్ 22. కొందరు పొలంలో పంట కోయకుండా వదిలేశారు. తెల్లారింది. 23వ తేదీ వచ్చింది. ఆ ఉదయం వాళ్లు ఎలా ఏడ్చి ఉంటారో తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. మన కాలంలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే అమెరికా రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, తర్వాత అక్టోబర్ 21 అన్నాడు. 2012లో అలా ప్రకటించడం పాపమని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం గొప్పే. కానీ ఆయన మాట నమ్మి దాచుకున్న డబ్బంతా ఆ ప్రచారానికి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు.

కోట భాషలో చెప్పాలంటే, వీళ్లంతా మైదానం వైపు గోడ మీద నిలబడ్డారు. దూరంగా దుమ్ము లేస్తుందా, సైన్యం వస్తుందా అని రాత్రీ పగలూ చూశారు. కళ్లు ఎర్రబడేలా చూశారు. వెనక గోడ మీద రాబందులు కూర్చున్నాయి.

నా సంగతి ఒకటి చెబుతాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు కూటాల్లో ఎత్తబడటం గురించి, అంటే ప్రభువు వచ్చి తనవాళ్లని పైకి తీసుకెళ్లడం గురించి, ఒక ప్రసంగం విన్నాను. ఒకరు కొనిపోబడతారు, ఒకరు విడిచిపెట్టబడతారు. ఆ రాత్రి మెలకువ వచ్చింది. పక్కన అమ్మ లేదు. దుప్పటి ఉంది, దిండు ఉంది, అమ్మ లేదు. ఇల్లంతా చడీచప్పుడు లేదు. చెయ్యి పెట్టి చూస్తే పక్క చల్లగా ఉంది. ఎత్తబడింది, నేను మిగిలిపోయాను అనుకున్నాను. ఏడవడానికి కూడా గొంతు రాలేదు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్తే వెనక గదిలో, చీకట్లో, అమ్మ మోకాళ్ల మీద ఉంది. మా నాన్న పేరు, నా పేరు, మాతో మాట్లాడటం మానేసిన మా బాబాయి పేరు చెప్పి ప్రార్థన చేస్తోంది.

ఆ రాత్రి ఇంట్లో ఇద్దరం మేలుకునే ఉన్నాం. నాది భయం. అమ్మది కాపలా. మా బాబాయితో సమాధానపడటం మా ఇంట్లో ఎవరూ కాపలా కాయని గోడ. అమ్మ అక్కడ నిలబడింది.

సరే, మళ్లీ వాక్యంలోకి. మార్కు 13 చివర్లో ఒక అందమైన సంగతి ఉంది. ఇంటి యజమాని ఎప్పుడు వస్తాడో తెలియదు అంటూ ప్రభువు నాలుగు వేళలు చెబుతాడు: ప్రొద్దు గ్రుంకినప్పుడు, అర్ధరాత్రి, కోడి కూసినప్పుడు, తెల్లవారినప్పుడు. రోమీయులు రాత్రిని విడగొట్టిన నాలుగు జాములు ఇవి. పేజీ తిప్పి మార్కు 14 చదవండి. సాయంకాలం: పస్కా బల్ల దగ్గర, "మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు." తర్వాత నడిరాత్రి గెత్సేమనే తోట: శిష్యులు నిద్రపోతున్నారు, ఆయన్ని పట్టుకోగానే అందరూ పారిపోయారు. కోడి కూసింది: ఆయనెవరో తెలియదని పేతురు బొంకాడు. తెల్లవారింది, ఇది 15వ అధ్యాయం మొదటి వచనం: ఆయన్ని పిలాతుకి అప్పగించారు. యజమాని నాలుగు జాముల్లోనూ వచ్చాడు. ఆ ఒక్క రాత్రిలోనే!

అందులో పేతుర్ని చూడండి. పేతురు ఏ వైపు కాపలా తీసేశాడు? "అందరు అభ్యంతరపడినను నేను అభ్యంతరపడను" అన్నాడు కదా. అదే అతని నిట్టనిలువు కొండ. తన ధైర్యం. అటు నుంచి శత్రువు రాడనుకున్నాడు. కత్తి పట్టిన సైనికుల ముందు పేతురు పడిపోలేదు, కత్తి దూశాడు కూడా. ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకి పడిపోయాడు. శిరస్త్రాణం దొర్లిన దారి అంత చిన్నది.

గెత్సేమనేలో ప్రభువు పేతుర్ని అతని మరో పేరుతో పిలిచి అడిగాడు: "సీమోనూ, నీవు నిద్రించుచున్నావా? ఒక్క గడియయైనను మేల్కొనియుండలేవా?" అక్కడ వాడిన గ్రీకు మాట గ్రెగొరేయో. మేలుకుని ఉండటం. మార్కు 13లో ద్వారపాలకుడికి చెప్పిందీ, సార్దీస్‌కి చెప్పిందీ అదే మాట. గ్రెగొరీ అనే పేరు దాని నుంచే వచ్చింది. 1582లో పోప్ పదమూడవ గ్రెగొరీ సరిచేయించిన క్యాలెండర్‌నే మనం వాడుతున్నాం. మన క్యాలెండర్ పేరులోనే "మేలుకున్నవాడు" అనే అర్థం ఉందన్నమాట. తేదీలు లెక్కపెట్టేవాళ్లు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగితే బాగుండు.

టైం అయిపోతోంది, కానీ పదిమంది కన్యకల గురించి చెప్పకుండా వదలలేను. ఎందుకంటే నిద్ర పట్టడం లేదన్న ఆ సిస్టర్‌కి నేను చెప్పింది ఇదే. మత్తయి 25:5. యేసు చెప్పిన ఉపమానం ఇది: పదిమంది దివిటీలు పట్టుకుని పెండ్లికుమారుడి కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఆలస్యం చేస్తే "వారందరు కునికి నిద్రించుచుండిరి." వారందరూ! బుద్ధిగల ఐదుగురు కూడా పడుకున్నారు. పడుకున్నందుకు వాళ్లని ఎవరూ తిట్టలేదు. వాళ్ల సిద్దెల్లో నూనె ఉంది. నూనె తెచ్చుకోని బుద్ధిలేనివాళ్ల కాపలా లేని గోడ ఏంటంటే, ఆయన ఆలస్యం చేయడులే అన్న లెక్క. చూశారా, అదీ ఒక తేదీ లెక్కే. నూనె ఉన్నవాళ్లు హాయిగా పడుకోవచ్చు. అందుకే ఆవిడకి చెప్పాను: సిస్టర్, ఈ రాత్రి పడుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మత్తయి 24 చివర్లో దుష్టుడైన దాసుడు. "నా యజమానుడు ఆలస్యము చేయుచున్నాడు" అని మనసులో అనుకున్నాడు, వెంటనే తోటి దాసుల్ని కొట్టాడు. రాకడని మర్చిపోయినట్టు ఎక్కడ బయటపడింది? తోటివాడి ఒంటి మీద. నమ్మకమైన దాసుడు ఏం చేస్తున్నాడు? వేళకి అన్నం పెడుతున్నాడు. ఆకాశం వైపు చూస్తున్నాడని ఎక్కడా లేదు.

థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన పత్రికలు. ప్రభువు దినం వచ్చేసిందని కొందరు వాళ్లని కంగారు పెట్టారు, 2వ పత్రిక 2వ అధ్యాయం. 3వ అధ్యాయంలో కొందరు పని మానేసి తిరుగుతున్నారు. పౌలు వాళ్లకి కొత్త తేదీ ఇవ్వలేదు. నెమ్మదిగా పని చేసుకుని మీ అన్నం మీరు తినండి అన్నాడు. ఇక మొదటి పత్రిక 5:10, మేలుకొని ఉన్నా నిద్రపోతున్నా ఆయనతో కూడా జీవించడానికే ఆయన మన కోసం చనిపోయాడు. మెలకువ గురించి అంత గట్టిగా చెప్పిన అధ్యాయంలోనే ఈ మాట ఉంది. దీని మీద విడిగా ఒక వీడియో చేయాలి, చేస్తాను.

లూకా 12:37 మాత్రం ఇంటికెళ్లి తప్పకుండా చదవండి. యజమాని వచ్చి, మెలకువగా ఉన్న దాసుల్ని చూసి ఏం చేస్తాడో తెలుసా? తానే నడుము కట్టుకుని, వాళ్లని పంక్తిలో కూర్చోబెట్టి, వడ్డిస్తాడు. అర్ధరాత్రి ప్రయాణం చేసి వచ్చినవాడు. యజమాని!

ఆఖరిగా ఒక్క వచనం. 1 పేతురు 5:8. "నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి." గెత్సేమనేలో ప్రభువు వాడిన మాటే, గ్రెగొరేయో. ఆ రాత్రి మూడుసార్లు వచ్చి చూస్తే మూడుసార్లూ నిద్రపోతూ దొరికిన మనిషి, ఏళ్ల తర్వాత సంఘాలకి రాస్తున్నాడు.